గీజరు స్విచ్

షార్జాలో జూన్ వస్తే మేడమీది ట్యాంకులో నీళ్లు సలసల కాగిపోతాయి. అందుకే అందరూ గీజరు స్విచ్ కట్టేసి, అందులో చల్లారిన నీళ్లతోనే స్నానాలు కానిస్తారు. లిస్సీ వాళ్ల ఫ్లాట్‌లో రెండు కుటుంబాలకీ కలిపి గీజరు ఒక్కటే. ఆ చల్లనీళ్లను రోజూ పక్కగది ఓమన ఒక్కతే ఖాళీ చేసేసేది. ట్యాంకు నీళ్లు పోసుకుని లిస్సీ కూతురు నీతూకి వీపంతా పొక్కిపోయింది.

"పిల్లకైనా ఒక్క బకెట్ ఉంచు చేచీ," అని లిస్సీ తమ మలయాళంలో అక్కా అని పిలుస్తూ బతిమాలింది.

"వేడినీళ్లు ఒంటికి మంచివే, ఎముకలు గట్టిపడతాయి," అని ఓమన ఇకిలించింది.

ఆ మాట లిస్సీ మరిచిపోలేదు.

శుక్రవారం ఓమన వాళ్ల పెళ్లిరోజు విందు. మధ్యాహ్నం ఆవిడ తలకి నల్లరంగు పట్టించుకుని, అది ఆరేదాకా గదిలో కూర్చుంది. ఆ అరగంటలో లిస్సీ గీజరులోని చల్లనీళ్లన్నీ బకెట్లకి పట్టుకుని, స్విచ్ వేసేసింది.

తల కడుక్కుందామని ఓమన ట్యాంకు కుళాయి తిప్పితే పొగలు, గీజరు కుళాయి తిప్పినా పొగలే. చెమటకి రంగు కరిగి బుగ్గల మీదికి కారింది.

"లిస్సీ! చుట్టాలొచ్చే వేళయిందే! ఒక్క బకెట్ చల్లనీళ్లు ఇయ్యవే, నీకు పుణ్యముంటుంది!"

లిస్సీ తన గదిలో నీతూని టబ్బులో కూర్చోబెట్టి, వీపు మీద చెంబుతో చల్లగా పోస్తోంది.

"వేడినీళ్లు ఒంటికి మంచివే చేచీ! ఎముకలు గట్టిపడతాయి!"

అంతలో కాలింగ్ బెల్ మోగింది. లిస్సీ చేతులైనా తుడుచుకోకుండా పరుగున వెళ్లి, చుట్టాలకి తలుపు బార్లా తీసింది.