వెళ్లిపోయినవాళ్ల నివేదిక

నేను చివరిసారి ఒక పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పింది ఎప్పుడు?

మొదటి షిఫ్టుకు వెళ్లే భర్తకు టిఫిన్ సర్దుతూ నన్ను నేను అడిగిన ప్రశ్న ఇది. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, చెబుతున్నాననే అనుకుంటున్నాను. జూన్‌లో నా పదో తరగతిని వీరేందర్ సారుకు ఇచ్చేశారు. "నీకు వేరే బాధ్యతలున్నాయి కదమ్మా మమతా," అన్నారు ప్రిన్సిపాల్ చంద్రమతి మేడమ్, ఎంతో ప్రేమగా. రాని టీచర్ల తరగతుల్లో కూర్చోవడం, హాజరు వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం, కోపంగా వచ్చిన తల్లిదండ్రులకు సర్దిచెప్పడం, అతిథులకు బొట్టు పెట్టడం. ఇవేవీ మగ టీచర్లకు చేతకావని బడి మొత్తం నమ్ముతుంది.

"మూత గట్టిగ పెట్టు, మొన్న పులుసు కారింది," అన్నాడు జగదీశ్వర్. అతను గనిలో సర్దార్. షిఫ్టులో మనుషుల భద్రత అతని పూచీ. బడి సంగతి ఎత్తినప్పుడల్లా అతనిది ఒకటే మాట: "మా దగ్గర బయటికొచ్చేటోడు లోపటికి పొయ్యేటోనికి బుక్కుల రాసి, సంతకం పెట్టి అప్పజెప్తడు. ఎవని పనేందో, ఎవని అధికారమేందో అండ్లనే ఉంటది. మీ బడిల అంత నోటిమాటేనాయె." ఆవేళా అదే చెప్పి, చెప్పులేసుకుంటూ, "మాపటికి అవ్వను దవాఖానకు నువ్వే తీస్కపో," అని వెళ్లిపోయాడు.

ఇంట్లోనూ ఏ బుక్కూ లేదు.

"నీడపట్టున కుర్చీల కూసునే కొలువు, నీకేం ఫికర్ బిడ్డా," అంది మంచం మీది నుంచి మా అత్త సారవ్వ. ఆ మాటలో ద్వేషం లేదు. ఉంటే ఎదిరించడం తేలికయ్యేది.

రెండేళ్లలో మా బడిలో నలుగురు టీచరమ్మలు మానేశారు. కారణమేమిటని యాజమాన్యం నివేదిక అడిగింది. "నీకు అందరితో చనువు. నువ్వే రాసిపెట్టు," అని మేడమ్ ఆ పనీ నాకే అప్పగించారు. వాళ్లలో మంచిర్యాల వెళ్లిపోయిన దీపకు ఫోను చేశాను.

"పని ఎక్కువైందని పోలేదక్కా," అంది. "అతిథులొస్తె పన్నీరు చల్లనీకి గుమ్మంల నిలవెట్టిన్రు, పెండ్లిపిల్ల చెల్లెలు లెక్క. అదీ నవ్వుకుంట చేసిన. పరీక్ష పేపర్లన్నీ నేనే తయారుజేసిన గద, ఒక్క ప్రశ్న మారుస్తనంటె నువ్వెవరవన్నరు. చెయ్యాల్నంటరు, నీ ఇష్టమని మాత్రం అనరు." ఫోను పెట్టేసేముందు, "నేను పోయినంక నా పనులు ఎవలకిచ్చిన్రక్కా?" అని అడిగింది.

నాకే. మానేసిన ప్రతి మనిషి పనీ మిగిలినవాళ్ల మీదికి వచ్చింది. నేను ఉండిపోవడాన్ని ఓర్పు అనుకున్నాను. అది నన్ను తరగతి గదికి కొంచెం కొంచెంగా దూరం చేస్తున్నదని గమనించలేదు.

మానేసిన నలుగురి పేర్లు వరుసగా రాసి, దీప చెప్పిందంతా ఉన్నదున్నట్టు రాశాను.

మేడమ్ చదివి కళ్లజోడు తీశారు. "ఇంత సూటిగానా? కొంచెం మెత్తగా తిరగరాయమ్మా."

"నా పదో తరగతి నాకు ఇప్పించండి మేడమ్."

"వచ్చే ఏడాది చూద్దాంలే." ఆమె గొంతు తగ్గింది. "నేనూ ఇవన్నీ చేసే ఈ కుర్చీకి వచ్చాను మమతా. కొత్తగా చేరిన సుహాసిని ఉందిగా, నీ పనులు సగం ఆ పిల్లకు నేర్పించు. మెల్లగా నీకూ తేలికవుతుంది."

కిటికీలోంచి ఎదుటి గది కనిపిస్తోంది. సుహాసిని నల్లబల్ల మీద త్రిభుజం గీస్తోంది. సుద్దముక్క విరిగితే తనే నవ్వింది, పిల్లలూ నవ్వారు. ఆ నవ్వు ఒకప్పుడు నా తరగతిలోనూ ఉండేది. రేపు నేను వెళ్లి, ఎంతో ప్రేమగా, "నీకు వేరే బాధ్యతలున్నాయి కదమ్మా," అనాలి. మేడమ్ ఇస్తున్న విముక్తి ఆ పిల్లను తన గదికి దూరం చేస్తేనే నాకు దక్కుతుంది.

"అది నావల్ల కాదు మేడమ్," అన్నాను. ఆమెకు 'కాదు' అని చెప్పడం పదకొండేళ్లలో అదే మొదలు.

బల్ల మీది నివేదిక నావైపు తిప్పుకున్నాను. నాలుగో పేరు కింద ఐదోది నా పేరు రాసి, సంతకం పెట్టి, ఆమె చేతికిచ్చాను.