కుట్ల మచ్చ కింద

అరచేతి కింద వెచ్చగా ఉంది.

గట్టిగా... చింతగింజంత గడ్డ. పాప పుట్టినప్పుడు కోసిన కోతకు ఎడమ కొసన.

గాలి లేచింది. బంగారు గని వదిలిపోయిన సైనైడ్ దిబ్బ మీది తెల్లని పొడి ఆండర్సన్‌పేట ఇళ్ల మీద వాలుతోంది. పెరట్లో చాప మీద ఒరిగి, పవిత్ర ఆ చింతగింజను అరచేత్తో కప్పుకుంది.

మొదటి రోజు.

ఆ మూడు రోజులూ ఈ ఇంట్లో ఆడవాళ్లు వంటింట్లోకి రారు. అత్త పోయాక పొయ్యి దగ్గరికి మామే వస్తున్నాడు. రామాంజినప్ప — బంగారు గనిలో జుట్టు నెరిసిన మనిషి. చారులో ఉప్పు ఎక్కువే వేస్తాడు. కంచం గడప మీద పెట్టి తలుపు చాటుకు తప్పుకుంటాడు. కోడలి ముఖం చూడడు.

ముఖం చూడడు... కానీ ఆ చెయ్యి ఎక్కడుందో చూశాడు.

ప్రతి నెలా అక్కడే.

ఒక డాక్టరు కుట్ల నొప్పి అన్నాడు. ఒకాయన హెర్నియా అన్నాడు. కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీకి పనికి వెళ్లే కంపెనీ బస్సులో పక్క సీటు రామక్క గ్యాస్ అని తేల్చేసింది. మొగుడు మునేష్ తన ఆటోలో తిప్పని చోటు లేదు. చివరికి ఆ నొప్పి తన భ్రమేమోనని పవిత్రకే అనుమానం వచ్చింది. నొప్పికన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

నాలుగో రోజు తలంటుకుని వంటింట్లోకి వచ్చింది. గోడ మీద క్యాలెండర్. నెలకు రెండు, మూడు గళ్లలో నీలి పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు. మామ బీపీ మాత్ర మరిచిన రోజులనుకుని కోప్పడింది.

"ఇన్నిసార్లు మరిస్తే యట్ల మామా?"

ఆయన ద్వారబంధంతో చెబుతున్నట్టు అటు తిరిగాడు.

"నాయి కాదమ్మా... నీయి. ఆడ చెయ్యి పెట్టుకొనే దినాలు. అన్నీ నువ్వు బయటుండే దినాలే. మీ అత్త ఉంటే ఆయమ్మతో చెప్పిచ్చేవాణ్ణి." క్యాలెండర్‌ను మేకు నుంచి తీసి గట్టు మీద పెట్టాడు. "డాక్టరమ్మకు చూపియ్యి."

గనిలో ఇనుప కడ్డీతో బండను తట్టేవాడు. బోలుగా మోగిన చోట సుద్దతో ఇంటూ పెట్టేవాడు, వెనక వచ్చేవాళ్లు తప్పుకుని నడవాలని. గని మూతపడింది. అలవాటు పోలేదు.

పవిత్ర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇన్ని నెలలూ ఆ నొప్పి తన ఒక్కదానిదే అనుకుంది.

కోలారులో డాక్టరమ్మ క్యాలెండర్‌ను బల్ల మీద పరిచింది. ఒక్కో గుర్తు మీద వేలు ఆనించి అడిగింది. తర్వాత స్కానింగ్ చేయించింది.

ఎండోమెట్రియోసిస్.

కాన్పు ఆపరేషన్ అప్పుడు గర్భసంచి లోపలి పొర రవ్వ ఒకటి ఆ కోతలో చిక్కుకుంది. పొట్ట గోడలో నాటుకుంది. లోపల నెలసరి వస్తే దానికీ వస్తుంది. అక్కడా నెత్తురు ఊరుతుంది — బయటికి దారి లేక ఉబ్బుతుంది.

దారి లేక... పవిత్రకు దాని మీద జాలేసింది. పాప వచ్చిన దారిలోనే ఆగిపోయిన రవ్వ.

అదే మచ్చ మీద మళ్లీ కోశారు. తీసేశారు.

"మళ్లీ రాదు గదా డాక్టరమ్మా?"

"చాలామందికి రాదు. కొందరికి వస్తుంది. చూద్దాం."

చూద్దాం...

గాలి మళ్లీ లేచింది. అదే పెరడు. అదే చాప. ఆపరేషన్ తర్వాత మొదటిసారి — మొదటి రోజు.

రామాంజినప్ప టీ తెచ్చాడు. తలుపు చాటుకు తప్పుకోలేదు. గడప మీదే కూర్చున్నాడు. చెవి మీద నీలి పెన్సిల్.

"ఏమన్నా ఉండాదా అమ్మా?"

మొదటిసారి ముఖంలోకి చూసి అడిగాడు.

పవిత్ర అరచేతిని మచ్చ వెంట మెల్లగా జరిపింది. కొత్త కుట్లు గరుకుగా. వాటి కింద మెత్తగా. ఇంకొంచెం పక్కకు... ఎడమ కొసకు...

ఆగింది.

"ఉండు మామా... చూస్తా ఉండా."

ఆయన ఉన్నాడు. టీ చల్లారుతోంది. తెల్లని పొడి ఇద్దరి మీదా వాలుతోంది.

అరచేతి కింద వెచ్చగా ఉంది.