ఎనిమిది ఏరేటర్లకి ఒక్క బ్రేకరు

"యాకోబుని చంపింది మీరేనండీ, గోవర్ధనరావు గారూ," అంది దేవమ్మ. గొంతు పెంచలేదు. పప్పులో ఉప్పు తగ్గిందన్నట్టు అంది.

నాగాయలంకలో ఆ ఇంటి ముందు ఆమె మొగుడు యాకోబు పోయినందుకు పెట్టిన ఆదరణ కూడిక అప్పుడే ముగిసింది. పాస్టరుగారు బైబిలు మూయబోతూ ఆగారు. రొయ్యల చెరువు ఆసామి గోవర్ధనరావు టీ గ్లాసు కింద పెట్టాడు.

"బ్రేకరు తప్పించి డైరెక్టు తీగ వేసుకుంది నీ మొగుడే కదా దేవమ్మా. నేను వెయ్యమన్నానా?"

అందరూ తలలూపారు. చచ్చినవాడి మీద వేసిన తప్పు ఇట్టే అతుక్కుంటుంది.

తీగ వేసింది ఆ చెరువు కాసే యాకోబే. కరెంటు లీకైతే పడిపోవడానికి పెట్టిన బ్రేకరది. చినుక్కీ పడేది, మంచుకీ పడేది. గట్టు మీద దానికి 'పిరికోడు' అని పేరు పెట్టారు. "మళ్ళీ పడ్డాడ్రా పిరికోడు" అని నవ్వుకునేవాళ్ళు. దేవమ్మ కూడా నవ్వింది. విసుగెత్తి యాకోబు తీగ వేశాడు. నాలుగో రోజు, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు ఒకటి ఆగితే చూద్దామని చెరువులో దిగాడు. పిరికోడు పడలేదు.

దేవమ్మకి ఏడుపు రాలేదు. ఒళ్ళో చేతులు ఎవరివో పెట్టినట్టున్నాయి.

"మీరు వెయ్యమన్లేదండీ. ఎనిమిది ఏరేటర్లకి ఒక్క బ్రేకరు పెట్టారు. ఒకదాంట్లో లీకైతే ఎనిమిదీ ఆగుతాయి. తెల్లారేసరికి గాలందక రొయ్య తేలుతుంది. తేలితే మీరేమన్నారు? 'గాడిదల్ని కాస్తున్నార్రా' అన్నారు. ఇంకేం చేస్తాడండీ మనిషి?"

"సరేలే, అయిందేదో అయింది. రేపట్నుంచి మార్కుని పంపు. చెరువు ఆగదుగా."

మార్కు యాకోబు తమ్ముడు. గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. "వెళ్తాను వదినా. జాగ్రత్తగా ఉంటాలే."

"మీ అన్న జాగ్రత్త లేనోడా? తెల్లారగట్ల నిద్రమత్తులో, వానలో ఎంతుంటదయ్యా జాగ్రత్త? ఆ తీగ తీశారా?"

మార్కు ఆసామి వంక చూశాడు. ఆసామి పాస్టరుగారి వంక చూశాడు. తియ్యలేదు.

దేవమ్మ లేచి మార్కుకి అడ్డంగా నిలబడింది.

"ఈ పూటే అవనిగడ్డ నుంచి కరెంటు మేస్త్రీని పిలిపించండి. ఆ తీగ పీకించండి. ఎనిమిదింటికీ ఎనిమిది బ్రేకర్లు పెట్టించండి, ఒకటి పడితే మిగతా ఏడూ తిరగాలి. పడినప్పుడు ఎవర్నీ తిట్టనని పాస్టరయ్యగారి ముందు ఇప్పుడే చెప్పండి. అప్పటిదాకా మావాళ్ళెవరూ మీ చెరువులో కాలు పెట్టరు."