తలుపు చప్పుడు

తిరిగే సాన మీద అద్దం అంచు ఆనించి, నీటిధార సరిచేసుకుని, ఊపిరి బిగబట్టాడతను. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో ముప్ఫై ఏళ్ళుగా అదే స్టూలు, అదే సాన. తన కళ్ళకే దళసరి అద్దాలు కావడంతో షాపులో అందరూ అతన్ని సోడాబుడ్డి అంటారు. యాభై రెండేళ్ళొచ్చినా ఆ పేరుకు నవ్వుతూనే పలుకుతాడు. ఆ రోజు మాత్రం రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు. అద్దం అంచు టిక్కుమని విరిగింది. పొద్దుటి నుంచి అది రెండోది.

"ఏమయ్యా సోడాబుడ్డీ, ఒంట్లో బాలేదా?" అన్నాడు యజమాని తలుపు దగ్గర నిలబడి.

"బానే ఉందండీ. చెయ్యి జారింది."

తొమ్మిదింటికి ఫోనొచ్చింది. "మీ రిపోర్టు వచ్చిందండీ. ఫోన్లో చెప్పే విషయం కాదు, మధ్యాహ్నం ఒకసారి రండి," అంది సంస్థ ఆఫీసులో అమ్మాయి. అప్పట్నుంచి గోడగడియారం వైపే చూస్తున్నాడు.

తను దత్తు వచ్చిన బిడ్డనని పదేళ్ళప్పుడు నాన్నే చెప్పాడు. "అమ్మ ముందు మాత్రం ఈ మాట ఎత్తకురా," అన్నాడు. నాన్న పోయి పద్దెనిమిదేళ్ళయినా అతను ఎత్తలేదు. నాలుగు నెలల కిందట గుండె డాక్టరు, "మీ వాళ్ళలో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా?" అని అడిగితే తెలీదన్నాడు. ఆస్పత్రి గోడకు ఒక సంస్థ వాళ్ళ కాగితం అంటించి ఉంది: దత్తు వెళ్ళినవారికి ఉచితంగా డీఎన్ఏ పరీక్ష, అయినవాళ్ళను వెతకడంలో సాయం. అందులో నంబరుకు ఫోన్ చేస్తే వారం తిరక్కుండా ఇంటికి చిన్న అట్టపెట్టె వచ్చింది. స్నానాలగది గడియ పెట్టుకుని, దొంగతనం చేస్తున్నవాడిలా గొట్టంలో ఉమ్మేసి పంపాడు. ఆ రోజు నుంచి అమ్మ మొహంలోకి తిన్నగా చూడలేకపోతున్నాడు. ఎనభై మూడేళ్ళ మనిషి. తెలిస్తే తట్టుకోలేదని భయం.

సంస్థ అంటే మేడ మీద రెండు గదులు, ఒకదానితో ఒకటి పొత్తు కుదరని నాలుగు కుర్చీలు. అమ్మాయి ముందు మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది.

"మీకు అక్క ఉన్నారండీ."

గ్లాసు ఎత్తి మళ్ళీ పెట్టేశాడు. "సొంత అక్కేనా?"

"తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకరే. ఆవిడ మూడేళ్ళ కిందటే మా దగ్గర పరీక్ష చేయించుకున్నారు. మీకోసమే."

"నా పేరు చెప్పేశారా?"

"లేదండీ. మీరు సరేనంటేనే చెప్తాం. ఆవిడ నంబరు మాత్రం ఇచ్చారు. మాట్లాడాలో వద్దో మీ ఇష్టం."

నంబరు రాసిన కాగితం చొక్కా జేబులో పెట్టుకుని నడుస్తుంటే తేలును పెట్టుకున్నట్టే ఉంది. షాపుకు తిరిగి వెళ్ళలేదు. ఇంటి తలుపు తీసేసరికి అమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

"రిపోర్టు వచ్చిందా నాన్నా?"

అతను ద్వారబంధం పట్టుకున్నాడు.

"ఆ పెట్టె వచ్చిన రోజే చూశాను. మీద రాసింది కూడబలుక్కుని చదివాను."

"మరి అడగలేదేమ్మా?"

"నువ్వు బెదిరిపోతావని. నాకూ భయమే అనుకో. ఎవరైనా వచ్చి మా బిడ్డను మాకిచ్చెయ్యండి అంటారేమోనని, తలుపు చప్పుడైతే చాలు, గుండె జారిపోయేది. నీకు మీసాలొచ్చాక కూడా." బోసినోటితో నవ్వింది. "ఇప్పుడు దానికంటే పెద్ద భయం పట్టుకుంది. నేను పోయాక నీకెవరున్నార్రా? ఎవరైనా దొరికారా, చెప్పు."

"అక్క."

ఆమె పక్కనున్న పళ్ళెం ఒడిలోకి తీసుకుంది. "చెయ్యి మరి, ఫోను. అవతల గదిలోకి పో, నా ముందు నువ్వు నోరు విప్పవు. ఈలోగా నారింజ ఒలుస్తాను."

మూడుసార్లు నంబరు తప్పు నొక్కాడు. నాలుగోసారి మోగింది. "సంస్థవాళ్ళు ఈ నంబరు ఇచ్చారండీ," అన్నాడు. అవతల నుంచి ఒక బొంగురు గొంతు, "తమ్ముడా?" అంది.

కన్నతల్లి పురిట్లోనే పోయిందట. తొమ్మిదేళ్ళ అక్కే అతన్ని ఎత్తుకుని పిల్లల్ని దత్తు ఇచ్చే ఆఫీసు దాకా నడిచిందట. "నాన్న ముందు పోతున్నాడు, తిరిగి చూడడు. నువ్వు అస్సలు బరువు లేవు. ఏడిస్తే ఎక్కిళ్ళొచ్చేవి నీకు. ఇప్పటికీ వస్తాయా?"

"వస్తాయి," అన్నాడు. అక్క పెద్దగా నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. పొద్దుటి నుంచి బిగుసుకున్న భుజాలు మొదటిసారి కిందికి దిగాయి.

"అమ్మా, ఆదివారం వస్తుందట. నిన్నే ముందు చూడాలట," అంటూ బయటికొచ్చాడు.

ఆమె తల కుర్చీ చెయ్యి వైపు వాలి ఉంది. మళ్ళీ పిలిచాడు, ఈసారి మెల్లగా. చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది, కానీ వేళ్ళు అతని వేళ్ళను పట్టుకోలేదు. ముక్కు దగ్గర వేలుపెట్టి చాలాసేపు చూశాడు. ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు. అతనికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

ఆమె ఒడిలో పళ్ళెం ఒరగకుండా అలాగే ఉంది. నార ఒలిచి, గింజ తీసి, వరసగా పేర్చిన ఆరు తొనలు, పక్కన నార సగమే తీసిన ఏడోది.