వండేదాన్ని అడగని తీర్మానం

మా ఆయన జీవరాజు మాస్టారికి ఏదీ చిన్నగా చేయడం చేతకాదు. ఏళ్ళ తరబడి బడిలో పాఠాలు చెప్పిన గొంతు కదా, మజ్జిగ అడిగినా పక్కింటికి వినిపిస్తుంది. అలాంటి మనిషి జనవరి ఒకటిన, మా నరసాపురం చర్చిలో దేవుడి మేళ్ళు తలుచుకుని సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డారు.

"సంఘస్తులారా, ఈ ఏడాది నేను అన్నం మానేస్తున్నాను. తీపి ముట్టను. రోజూ పొద్దున్నే రేవు దాకా నడిచి వస్తాను. దేవుని సన్నిధిలో మాట ఇస్తున్నాను" అన్నారు.

అందరూ ఆమేన్ అన్నారు. అనేవాళ్ళకేం, పోయేది వాళ్ళ అన్నం కాదుగా.

ఇదంతా కళ్ళ కోసం. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. షుగర్ అదుపులోకి వస్తే గానీ ఆపరేషన్ చేయనని డాక్టరుగారు చెప్పేశారు. మా చర్చిలో బైబిలు వాక్యం చదివేది ఎప్పుడూ ఈయనే. మొన్న క్రిస్మస్‌నాడు అక్షరాలు కంటికి ఆనక మధ్యలో ఆగిపోయారు. పుస్తకం మూసి, మెల్లగా వచ్చి తన చోట కూర్చున్నారు. ఇంటికొచ్చాక ఆ సంగతి ఎత్తనేలేదు. ఆ మౌనం చూసి నాకు భయం వేసింది. ఈయన గొంతు వినపడని ఇల్లు నేను భరించలేను.

నిజానికి డాక్టరుగారు చెప్పింది, కొంచెం తగ్గించి తినండి, కొంచెం నడవండి అని. ఆ 'కొంచెం' అన్న మాటే ఈయన చెవికెక్కదు.

ఆ రోజు ఆరాధన అయి ఇంటికొచ్చామో లేదో, కొత్త సంవత్సరమని కేకులూ యాపిల్ పళ్ళూ పట్టుకుని జనం రావడం మొదలైంది. పక్కింటి మెర్సీ తెచ్చిన ప్లమ్ కేకు వైపు ఈయన చూసిన చూపు చూస్తే, ఆ కళ్ళకు శుక్లాలున్నాయంటే ఎవరూ నమ్మరు. ముట్టుకోలేదు మాత్రం. ఆ పూట రెండు పుల్కాలు తిన్నారు. మర్నాడు ఒకటే తిన్నారు. మూడోనాడు పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా రేవుకు బయలుదేరారు.

"ఒక్క ఇడ్లీ అయినా తిని వెళ్ళండి" అన్నాను.

"ఇడ్లీలో బియ్యం లేదేంటి?" అని గేటు వేసుకుని వెళ్ళిపోయారు.

కాసేపటికి ఇంటి ముందు ఆటో ఆగింది. రేవులో చేపలమ్మే నూకరత్నం ఈయన్ని భుజం పట్టుకుని దింపింది. అంత చలిలోనూ చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

"మెట్ల మీద కూలబడిపోయారమ్మా మేస్టారు. చేతులు ఒకటే వణుకు. పంచదారేసి టీ ఇస్తే తాగరంట! దేవుడికి మాటిచ్చారంట! నేను ఊరుకుంటానా, బలవంతాన తాగించేశాను. మీ దేవుడేవన్నా అంటే నా పేరు చెప్పండి" అంది.

దాని చేతులు పట్టుకుని ఏడ్చేశాను. కోపం సగం, భయం సగం. ఫోను చేస్తే డాక్టరుగారు ఇద్దరినీ కలిపి చివాట్లు పెట్టారు. మాత్ర వేసుకుని తిండి మానేస్తే ప్రాణం మీదికొస్తుందన్నారు. అంత జరిగినా ఈయన దిగి వస్తేనా!

"సంఘం ముందు మాట ఇచ్చేశాను బేబీ. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే జనం ఏమనుకుంటారు?"

"ముందు మీరు బతికుండండి. జనం ఏమనుకుంటారో తర్వాత కనుక్కుందాం" అన్నాను.

గోడకు చెప్పినట్టే అయింది. ఇంక లాభం లేదనుకుని, ఆ ఆదివారం సాక్ష్యాల వేళ నేనే లేచాను. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ చర్చిలో పాటకు తప్ప నోరు తెరిచినదాన్ని కాదు.

"మా ఆయన మాట ఇచ్చేముందు వండేదాన్ని నన్నడగలేదండి. అందుకని ఆ మాటను నేను కొంచెం సవరిస్తున్నాను. అన్నం మానరు. పూటకి ఒక గరిటె తింటారు, కూర ఎక్కువ పెడతాను. తీపి, పండగ పూట చిన్న ముక్క. నడక సాయంత్రం, టిఫిన్ తిన్నాక, కాలవ వంతెన దాకా. తోడు నేనూ వెళ్తాను. దేవుడికి కోపమొస్తే నా మీద రానివ్వండి."

అటు మగవాళ్ళ వైపు ఈయన తల వంచుకుని కూర్చున్నారు. అంతలో నా వెనక వరస నుంచి వినీల అనే పిల్ల లేచింది.

"అయ్యగారూ, ఈస్టర్‌కల్లా పది కిలోలు తగ్గుతానని నేనూ అన్నానండి. ఆ పదిని రెండు చేసుకోవచ్చా?"

చర్చంతా నవ్వులే. పాస్టరుగారు కూడా నవ్వి, "టీ ముట్టనని నేనూ అన్నానమ్మా. పొద్దున్న కప్పు ఒకటి ఉంచుకుంటాను" అన్నారు.

ఈయన మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక, "నా పరువు తీశావు" అన్నారు.

"తీస్తే తీశాను. తినండి."

ఒక గరిటె అన్నం, దాని చుట్టూ వంకాయ కూర, చేప ముక్క. మెతుకు మిగల్చకుండా తిన్నారు. ఇంకొంచెం అని అడగబోయి, నా మొహం చూసి చెయ్యి కడుక్కున్నారు.

సాయంత్రం చూద్దును కదా, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాకేమో మోకాళ్ళు సలుపుతున్నాయి.

"రేపటి నుంచి వెళ్దామండీ."

"సంఘం ముందు అన్నది ఎవరు?"

నేనూ చెప్పులేసుకుని బయలుదేరాను. వెలుగు తగ్గుతోంది. కాలవ గట్టు మీద గోతులు ఈయనకు ఆనడం లేదు. రెండుసార్లు తడబడి, గాలిలో చెయ్యి చాపారు. నేను పట్టుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో వీధిలో చేతులు పట్టుకుని నడిచిన జ్ఞాపకమే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎవరైనా చూస్తారండీ" అన్నాను.

"చూడనీవే. నాకెలాగూ వాళ్ళు కనపడరుగా" అన్నారు.

షుగర్ దారికి రావడానికి మార్చి దాకా పట్టింది. ఆపరేషన్ రాజమండ్రిలో అయింది. ఈస్టర్‌నాడు ఈయన నిలబడి తడుముకోకుండా వాక్యం చదువుతుంటే నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగి ఏదీ కనపడలేదు. ఇప్పుడు ఈయనకు గట్టు మీద గోతులే కాదు, ఆ చివర నిలబడి మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు కూడా కనపడుతున్నారు. అయినా సాయంత్రం గుమ్మం దిగగానే చెయ్యి చాపుతారు.