బీరువా మీది మరియమాతలు

కొత్త కాపురంలో ఆ పిల్లకి నచ్చనిదంటూ లేదు. ఉన్నవి రెండే గదులు, అందులో ఒకదాని కిటికీ సరిగ్గా మూతపడదు. అయినా పొద్దున్నే అది కిర్రుమంటే ఎవరో తనని పలకరించినట్టు మురిసిపోయేది. మొగుడు తువ్వాలు అంచులు కలిపి, చేత్తో నిమిరి మరీ ఆరేసే తీరు చూసి లోలోపల నవ్వుకునేది. ఇద్దరూ ఒకేచోట పనిచేయడం అన్నిటికన్నా ముచ్చట.

అదొక బొమ్మల దుకాణం. పాతకాలపు చిత్రకారులు చర్చీల కోసం వేసిన మరియమాత, బాలయేసు, పునీత యోసేపు, శిష్యులతో యేసు కడరా భోజనం లాంటి చిత్రాలను మందపాటి కాటన్ కాగితం మీద ప్రింటు తీసి, ఇళ్ళలో తగిలించుకోవడానికి అమ్ముతారు. మొగుడు వెనక గదిలో మెషీను దగ్గర రంగులు చూస్తాడు. ఆమె ముందు గదిలో కూర్చుని, సోఫా పైన గోడకి ఏ సైజు నప్పుతుందో, మంచం తలవైపు ఏ బొమ్మ హాయిగా ఉంటుందో వచ్చినవాళ్ళకి చెబుతుంది. దుకాణం యజమానురాలిని అందరూ అమ్మగారంటారు. ఆవిడ తమ్ముడు పక్క గదిలో మంచి ప్రింట్లను అట్ట గొట్టాల్లో చుట్టి పార్సిళ్ళు కడతాడు.

అమ్మగారిది ఒకటే పట్టు. రంగు తేడా వచ్చినా, గీత పడినా ఆ ప్రింటుని బ్లేడుతో అడ్డంగా కోసి చెత్తలో వేయాల్సిందే. చెడ్డ సరుకు బయట తిరిగితే దుకాణం పరువు పోతుందని ఆవిడ భయం. ఆ కోసే పని మొగుడిది.

ఒక మధ్యాహ్నం అమ్మగారు ఆమెని పక్కకి పిలిచారు. బజారులో ఫ్రేములు కట్టేవాడి కొట్టులో మన ప్రింట్లు చవగ్గా దొరుకుతున్నాయని తమ్ముడు చెప్పాడట. మన కాగితమే, మన రంగులేనట. చెత్తలో పడాల్సినవి వాటంతటవే నడుచుకుంటూ బజారుకి పోవు కదా అన్నారావిడ. నోరు తెరిచి ఫలానావాళ్ళని అనలేదు గానీ, చూపు మాత్రం వెనక గది తలుపు మీదే ఆగింది.

ఆమె నవ్వేసి ఊరుకుంది. అనుమానం మాత్రం పంట్లో ఇరుక్కున్న పీచులా పోనంటే పోనంది. మొగుడు అప్పుడప్పుడూ భుజాన ఒక అట్ట గొట్టం వేసుకుని ఇంటికొస్తాడు. ఏమిటది అంటే, ఖాళీదే, కర్టెన్ కడ్డీలా పనికొస్తుంది అంటాడు. ఇన్నాళ్ళూ ఆ ముందుచూపు ఆమెకి ముద్దొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఇంట్లో కర్టెన్ ఉన్నది ఒక్క కిటికీకే.

ఆ సాయంత్రం అతను దారిలో ఆమెకోసం ఒక చెక్క దువ్వెన కొనుక్కొచ్చాడు. నిన్నయితే అద్దం ముందు గెంతేది. ఇవాళ దాన్ని అటూ ఇటూ తిప్పి, డబ్బెక్కడిదో అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే మళ్ళీ అనుకుంది.

అన్నం తినేటప్పుడు మాటవరసకన్నట్టు, పాడైన ప్రింట్లు ఏం చేస్తున్నావని అడిగింది. కోసి పారేస్తున్నానన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా. అబద్ధం చెప్పడం అతనికి బొత్తిగా చేతకాదు. ఆమెకి నచ్చే గుణాల్లో అదొకటి, ఆ పూటదాకా.

సెలవురోజు పొద్దున అతను మేడ మీద బట్టలు ఆరేస్తుంటే, ఆమె కుర్చీ ఎక్కి బీరువా పైన చెయ్యి పెట్టి తడిమింది. సూట్‌కేసుల వెనక గొట్టాలే గొట్టాలు. మూతలు లాగి ప్రింట్లన్నీ మంచం మీద పడేసింది. చుట్టలు కొద్దిగా విచ్చుకుని, ఒక దాంట్లోంచి మరియమాత కొంగు, ఇంకోదాంట్లోంచి మళ్ళీ మాతే, వేరొకదాంట్లోంచి మంగళవార్త తెచ్చిన దేవదూత రెక్క తొంగిచూశాయి. ఒక్కదాని మీదా బ్లేడు పడలేదు. నేను కట్టుకున్నది దొంగనా? నలుగురిలో తలెత్తుకోవడం తర్వాతి సంగతి, ఈ మనిషి పక్కన ఇక నిశ్చింతగా ఎలా పడుకోవడం?

అతను ఖాళీ బకెట్టుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇవేంటో మీరే చెప్పండి," అంది. పెళ్ళయ్యాక అతన్ని మీరు అనడం అదే మొదటిసారి.

"అమ్మడానికి కాదు."

"అమ్మే మాట నేనింకా ఎత్తనేలేదు."

అతను బకెట్టు బోర్లించి దానిమీదే కూలబడ్డాడు. "మొదటిరోజు బ్లేడు పట్టుకున్నాను. అడ్డంగా అంటే ఎక్కడ పెట్టను? మెడ మీద పడుతోంది. కాస్త పైకి జరిపితే కళ్ళ మీద. కిందికి జరిపితే బిడ్డ ఉన్నాడు. రేపు కోద్దాంలే అని చుట్టేశాను. రేపు ఇంకోటి వచ్చింది."

"అమ్మగారితో చెప్పొచ్చుగా?"

"కోశావా అంటే కోశానన్నాను. ఒకసారి అన్నాక ప్రతిసారీ అనాల్సొచ్చింది."

నమ్మాలని ఆమెకి ఎంతో ఉంది. అంత ఉండటమే ఆమెని భయపెట్టింది. ఇంత చక్కని కథ దొంగ కూడా అల్లగలడు. నిజమే అయితే రేపు ఇవన్నీ మోసుకెళ్ళి అమ్మగారి ముందు పెడదామంది. ఉద్యోగం పోతుందన్నాడు. పోతే పోనీ అంది. అతను లేచి, గొట్టాలు కట్టడానికి తాడు వెతకడం మొదలుపెట్టాడు. అప్పుడుగానీ ఆమెకి సగం ఊపిరి రాలేదు.

మర్నాడు అమ్మగారు అతను చెప్పిందంతా విని, ఒక్కో చుట్టా బల్ల మీద విప్పి, కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఒక మాత చెంప జ్వరంపడి లేచినట్టు ఆకుపచ్చగా పాలిపోయింది. ఒక బాలయేసు కంటి మీదుగా తెల్లగీత పోయింది. యోసేపు రంపంతో చెక్క కోస్తున్నాడు గానీ రంపం పట్టిన చెయ్యి సగమే అచ్చయింది. బాగున్నది ఒక్కటీ లేదు. ఆవిడ సొరుగు తీసి, నిన్న తాను స్వయంగా బజారుకెళ్ళి కొన్న ప్రింటుని పక్కన పరిచారు. అది కడిగిన ముత్యంలా ఉంది. గీత లేదు, మరక లేదు. చెత్తకి పోవాల్సింది కాదు, పార్సిలులోకి ఎక్కాల్సింది. మంచి ప్రింట్లు ఎవరి చేతుల్లో ఉంటాయో చెప్పాల్సిన పనిలేదు. పక్క గదిలో అప్పటిదాకా వినబడుతున్న టేపు చప్పుడు ఆగిపోయింది.

అమ్మగారు ఆ తలుపు వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. "వాడి సంగతి నేను చూసుకుంటాను. కానీ నువ్వు నాతో అబద్ధమాడావు."

"ఆడానండి," అన్నాడతను.

"మళ్ళీ ఆడకు. ఇవి మాత్రం ఇప్పుడే కోయాలి."

బ్లేడు పట్టుకున్న అతని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆమె బ్లేడు తీసుకుని ప్రింటుని బోర్లా తిప్పింది. వెనకంతా తెల్లకాగితమే.

"ఇలా తిప్పొచ్చని తోచలేదా నీకు?"

"తిప్పినా కింద ఎవరున్నారో తెలుసుగా." అని, గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వూ నన్ను అనుమానించావు కదూ?"

కాదనడం ఎంతో తేలిక. "అనుమానించాను," అంది.

అతను కాగితం కదలకుండా రెండు చివర్లూ అరచేతులతో అదిమి పట్టి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"కళ్ళు తెరువు," అంది ఆమె. "వేళ్ళు తెగుతాయి."