నాలుగో లొట్టి

గాలయ్య మోకును తాటిమానుకు చుట్టి నడుముకు బిగించుకుంటున్నాడు. తలగుడ్డను నుదుటిమీద ఎంత గట్టిగా కట్టాడంటే, కనుబొమలతోపాటు రెప్పలూ కాస్త పైకి లేచి నిలిచాయి. పొద్దున అక్కరలేని ఈ కట్టు పొద్దు వాలేసరికి తప్పదు.

“ఇయ్యాల ఎక్కకు. గీ చలిజరంల మోకు పడ్తవా?” అంది భార్య బిక్షమ్మ.

“ఎక్కకుంటే బాట ఎవలు చూస్తరు?”

ఆ యేడు రజాకార్ల లారీలు ఊళ్ళు తగలబెడుతూ తిరుగుతున్నాయి. తాటిచెట్టు మీదినుంచి దుమ్ము చూసి గాలయ్య కూత వేస్తే, జనం పిల్లాజెల్లాతో గుట్టెక్కుతారు. ఊరంతా అతని రెప్పల మీదే బతుకుతోంది. ఆ రెప్పలు నిలవడం లేదని బిక్షమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. వాలిన కళ్ళు చూసి, గీసిన కల్లు తానే తాగుతున్నాడని ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారు.

ఆ మధ్య నల్గొండ దవాఖానలో డాక్టరు సూది వేస్తే పావుగంటలో రెప్పలు విచ్చుకున్నాయి. రెండు గంటలకు మళ్ళీ వాలాయి.

“కంటి కండల అల్లికే వేరు గాలయ్యా. సన్నటి పోగులు, మెలకువున్నంతసేపు పనిల ఉంటయ్. నరం చెప్పేది కండకు అందని రోగమిది, ముందు ఆడనే పడ్తది. తర్వాత గొంతు, చేతులు, ఊపిరి. చలిజరమొచ్చినా క్వినైన్ గోలీ ముట్టకు. ఉన్న బలం గుంజుకుంటది” అన్నాడాయన.

కానీ వణికే చేతుల్లో మోకు నిలవదు. అందుకే మధ్యాహ్నమే రెండు గోలీలు మింగాడు గాలయ్య. బిక్షమ్మకు చెప్పలేదు. తెలిస్తే ఆ మొండితనాన్ని మెచ్చుకునేదో తిట్టేదో.

పైకి చేరాడు. వణుకు లేదు, నిజమే. రెప్పలు మాత్రం తలగుడ్డను లెక్కచేయకుండా మూసుకుపోయాయి. రెండు వేళ్ళతో వాటిని ఎత్తాడు. ఉన్న ఒక్క బాటా రెండుగా కనబడింది, రెండింటిమీదా దుమ్ము. ఒకటైనా నిజమే కదా.

కూత వేయబోయాడు. ముక్కులోంచి గాలి వచ్చింది, కూత రాలేదు. చెట్టుకు కట్టిన కల్లుకుండల్లో చేతికందిన నిండు లొట్టి తాడు కోసి కిందికి వదిలాడు.

కింద కల్లుకోసం కూర్చున్న సైదులు, “గాలన్నకు నిషా ఎక్కింది” అని నవ్వాడు. రెండో లొట్టి పగిలింది. మూడోది పగిలేసరికి నవ్వు ఆగింది. కల్లు గీసే ఏ గౌడూ నిండు లొట్టిని చేజేతులా పగలగొట్టడు.

“లారీలు!” అని అరుస్తూ సైదులు ఊళ్ళోకి ఉరికాడు. అందరినీ గుట్టవైపు తరిమి తిరిగొచ్చేసరికి బిక్షమ్మ మాను కిందే ఉంది.

“దిగు! నువ్వు రాకుంటే నేను పోను!”

పైన గాలయ్య చేతులకు మోకు జరిపే బలం లేదు. సైదులు ఆమెను రెక్క పట్టి లాక్కుపోయాడు.

లారీలు ఖాళీ ఇళ్ళను కాల్చి వెళ్ళాయి. ఒక్క మనిషీ దొరకలేదు. తెల్లవారి జనం దిగివచ్చేసరికి గాలయ్య మోకులోనే, మానుకు చెంప ఆనించి ఉన్నాడు. తూటా దెబ్బ లేదు. ఊపిరే అలసిపోయింది.

అతన్ని దించారు. పైన నాలుగో లొట్టి నిండి, నురగ అంచు దాటి మాను వెంట కారుతోంది.